చేప యనిన చాలునా?

గడచిన సంవత్సరము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు “మా యూరి చెఱువు” అను విషయముపై వ్యాసము వ్రాయుడని చెప్పితిని. మఱునాడు పుస్తకములను ఇంటికి గొనిపోయి చదువగా, ఇంచుమించు అన్నిటిలోను ఒకే చెఱువు కనబడెను. అందులో తామరలు వికసించియుండెను, హంసలు విహరించుచుండెను, చేపలు మిలమిల మెఱయుచుండెను. మన యూరి చెఱువున తామరలు లేవు. హంసను మనలో నెవ్వరును చూచి యెఱుగరు. ఆ చెఱువు వాచకమునుండి వచ్చినది గాని మన యూరి గట్టునుండి వచ్చినది కాదు.

ఒక్క బాలిక మాత్రము వేఱుగా వ్రాసెను. “మా చెఱువులో కొర్రమీను, వాలుగ, మార్పు, రెండు రకముల జెల్లలు గలవు” అని ఆరంభించి, ఏది ఏ కాలమున ఏ వైపున దొరకునో నాలుగు పంక్తులలో వివరించెను. నేను ఆ నాలుగు పంక్తుల క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసి, “అనవసరము. చేపలు గలవు అనిన చాలును” అని వ్రాసితిని. హంసలు విహరించిన వ్యాసములకు మంచి మార్కులే వేసితిని.

ఆ ఎఱ్ఱగీత తప్పని నాకు తరువాత తెలిసినది. తెలియజేసినది కేరళదేశపు బావులలోని ఒక చిన్న చేప. ఆ చేప కథను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, నావంటి ఉపాధ్యాయులకును చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కేరళ రాష్ట్రమున పెక్కుచోట్ల నేల యడుగున లేటరైట్ అను ఎఱ్ఱని రాయి పఱచుకొనియున్నది. అది రంధ్రములు గల రాయి. వానకాలపు నీరు ఆ రంధ్రముల గుండ దిగి లోపల నిలువయుండును. అచ్చటి ఇండ్ల పెరళ్లలో బావులు సర్వసామాన్యము. ఆ బావులను త్రవ్వునపుడో, శుభ్రము చేయునపుడో, మిక్కిలి యరుదుగా, చిటికెనవ్రేలి పాటి చేప యొకటి పైకి వచ్చుచుండును. దానికి కన్నులు లేవు. చర్మమునకు రంగు లేదు. అందుచేత లోపలి రక్తము పైకి కనబడి ఒడలెల్ల గులాబివన్నెగా నుండును. మూతిచుట్టు నాలుగు జతల మీసములు గలవు. మనము బాగుగా నెఱిగిన మార్పు చేపకును మీసములు నాలుగు జతలే. ఈ రెండును ఒకే కుటుంబమునకు చెందినవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మార్పు బురదలో బ్రదుక నేర్చినది. దాని చుట్టము భూగర్భమున చీకటిలో బ్రదుక నేర్చినది. మన కవులు అందమైన కన్నులు గల స్త్రీని మీనాక్షి యనిరి. కన్నులే లేని మీనము గలదని వారికి తోచియుండదు.

1950 సంవత్సరమున ఏ. జి. కె. మేనన్ అను శాస్త్రజ్ఞుడు కొట్టాయము బావులనుండి వచ్చిన చేపను పరీక్షించి, అది యంతవఱకు లోకమున నెవ్వరును వర్ణింపని జాతి యని నిర్ణయించి, హొరాగ్లానిస్ కృష్ణై అని పేరిడెను. ఆ పేరులోని హొరా, ఆనాడు భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు అధిపతిగా నుండిన సుందర్ లాల్ హొరాగారు. ఆయన మన దేశపు చేపల నెఱిగినవారిలో అగ్రగణ్యుడు. గ్లానిస్ అనునది మీసముల చేపకు ప్రాచీన గ్రీకుల మాట. తరువాత అర్ధశతాబ్దము గడచినది. 2004లో త్రిశూరు ప్రాంతమునుండి రెండవ జాతియు, 2012లో మూడవ జాతియు వర్ణింపబడినవి. రెండవదానికి మత్స్యశాస్త్రవేత్త అలికుంజిగారి పేరును, మూడవదానికి మన పూర్వ రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారి పేరును ఉంచిరి.

2023లో నాలుగవ జాతి వర్ణింపబడినది. దాని కథయే నన్ను ఆకర్షించినది. కొచ్చినగరములోని మత్స్యవిద్యల విశ్వవిద్యాలయమునకు చెందిన రాజీవ్ రాఘవన్ గారును, మఱి నలుగురు శాస్త్రజ్ఞులును ఆఱు సంవత్సరములు కేరళలో ఈ చేపలకొఱకు వెదకిరి. భూమిలోపల నుండు చేపను వలవేసి పట్టుటెట్లు? ఏ బావిలో ఏనాడు పైకి వచ్చునో యెవ్వరెఱుగుదురు? అందుచేత వారు ప్రజల సాయము కోరిరి. బావి త్రవ్వువారు, పూడిక తీయువారు, నీరు తోడుకొను గృహస్థులు, తమ కంటబడిన చేపనుగూర్చి వారికి తెలియజేసిరి. అట్లు దొరకిన చేపలను పరీక్షింపగా ఒక వింత బయటపడినది. పైకి చూచిన అన్నియు ఒకే తీరుగా నున్నవి. కాని వాటి జీవకణములలోని వంశలక్షణములను పోల్చి చూడగా, జాతికిని జాతికిని నడుమ నూటికి ఏడుపాళ్లకు మించిన భేదము కనబడెను. రూపము మాఱకుండగనే వంశములు మిక్కిలి దూరముగా విడిపోయినవి. అందు ఒక వంశము తక్కిన మూడింటికిని వెలిగా నిలిచెను. దానికి వారు హొరాగ్లానిస్ పోపులి అని పేరిడిరి. లాటిన్ భాషలో పోపులి అనగా “ప్రజలయొక్క” అని యర్థము.

వ్యాకరణము చెప్పుకొను వాడను గనుక ఈ పేర్లలో నాకొక ముచ్చట తోచినది. కృష్ణై, అలికుంజియై, అబ్దుల్ కలామై అను పేర్లన్నియు లాటిన్ వ్యాకరణమున షష్ఠీవిభక్తి రూపములు. కృష్ణునియొక్క చేప, కలాముయొక్క చేప యని భావము. పోపులి కూడ షష్ఠియే. కాని మొదటి మూడు పేర్లలో ఒక్కొక్క వ్యక్తికి గౌరవము దక్కినది. నాలుగవ పేరులో, పేరు పత్రికల కెక్కని బావిపనివారికిని, వంటింటి గడపలో బిందె దింపి అందులోని చేపను గమనించిన గృహిణులకును గౌరవము దక్కినది. అట్టి గౌరవము శాస్త్రమున నరుదు.

ఇచ్చట కొందఱొక ప్రశ్న వేయవచ్చును. “బావివారు ఎన్నడో చూచిన చేపను శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొంటి మనుట యేమి న్యాయము?” అని. ప్రశ్న సమంజసమే. నా యభిప్రాయము చెప్పెదను. చూచుట వేఱు, గుర్తించుట వేఱు, వర్ణించుట వేఱు. బావిలో చేపను చూచినవాడు “ఇట్టిది ఇచ్చట గలదు” అని చెప్పగలడు. “ఇట్టిది మఱెచ్చటను లేదు” అని చెప్పుటకు లోకమున ఇదివఱకు వర్ణింపబడిన చుట్టపు జాతుల నన్నిటిని దీనితో పోల్చవలెను. మొదటి మాట లేనిదే రెండవది పుట్టదు. రెండవ మాట లేనిదే మొదటిది ఆ యూరి పొలిమేర దాటదు. రెండును గలిసినపుడే కనుగొనుట పూర్తియగును. పోపులి అను పేరు ఈ సత్యమునకు శాస్త్రజ్ఞులు తామై చేసిన చేవ్రాలు.

వర్ణన యను మాట మనకు క్రొత్తది కాదు. ప్రబంధమునకు అష్టాదశవర్ణనలు కావలెనని మనము పాఠము చెప్పుకొందుము. కాని శాస్త్రజ్ఞుని వర్ణన వేఱొక తెఱగుది. కవి యొక వస్తువును వర్ణించునపుడు అది తక్కినవానితో ఎట్లు పోలునో చెప్పును. ముఖము చంద్రునివలె నున్నదనును. శాస్త్రజ్ఞుడు ఒక చేపను వర్ణించునపుడు అది తక్కినవానితో ఎట్లు పోలదో చెప్పును. మన పూర్వుల తర్కశాస్త్రమున దీనికి సరిపోవు మాట గలదు. అదియే లక్షణము. లక్షణమునకు మూడు దోషములు రాకూడదని తార్కికులు చెప్పిరి. “కొమ్ములు గలది గోవు” అనినచో మేకయు గోవగును; అది అతివ్యాప్తి. “కపిలవర్ణము గలది గోవు” అనినచో తెల్లని యావు గోవు గాకపోవును; అది అవ్యాప్తి. “ఒంటిగిట్ట గలది గోవు” అనినచో ఏ యావునకును చెల్లదు, అది అసంభవము. క్రొత్తజాతిని వర్ణించు శాస్త్రజ్ఞుడు నేటికిని ఈ మూడు దోషములనుండియే తప్పించుకొన వలసియున్నది. “మీసములు గల చేప” యనిన అతివ్యాప్తి. “కన్నులు లేని గులాబివన్నె చేప” యనినను, ఇప్పుడు నాలుగు జాతులు తేలినవి గనుక, అదియు అతివ్యాప్తియే యైనది!

అందుచేత అతడు చేపయొక్క పొడవును, తల పొడవును, ఒడలి ఎత్తును అర మిల్లీమీటరు తప్పకుండ కొలుచును. రెక్కలలోని పుల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టును. మీసములు ఎంతవఱకు చేరునో చూచును. ఎముకలను యంత్రముతో పరిశీలించును. చుట్టపు జాతుల నన్నిటిని ప్రక్కన నుంచి పోల్చును. అన్నియు వ్రాసి, ఒక్క చేపను ఎంచి, “ఈ పేరు దీనికి” అని నిర్ణయించి, సంగ్రహశాలలో సంఖ్య వేసి భద్రపఱచును. దానిని హోలోటైప్ అందురు. తాళపత్ర గ్రంథమును పరిష్కరించువానికి మూలప్రతి యెట్టిదో, పేరునకు ఆ చేప యట్టిది. నూఱేండ్ల తరువాత ఎవ్వనికైన సందేహము కలిగిన, ఆ సీసాను తెఱచి చూచుకొనవచ్చును. ఈ పేర్ల పద్ధతికంతకు 1758లో వెలువడిన లిన్నేయసు గ్రంథము మొదలు. దానిపై నేర్పడిన అంతర్జాతీయ నియమావళి ప్రకారము, భేదములను మాటలలో వర్ణింపక పెట్టిన పేరు ఈ కాలమున చెల్లదు.

ఆ నియమావళిలో మఱియొక సంగతి గలదు. అది మనవంటి చిన్నబడుల పిల్లలు వినదగినది. పేరు లాటిన్ అక్షరములలో నుండవలెను. కాని వర్ణన ఫలానా భాషలోనే యుండవలెనని జంతుశాస్త్ర నియమావళి శాసింపలేదు. లోకమున విరివిగా వాడబడు భాషలో వ్రాయుట మంచిదని సలహా మాత్రము చెప్పినది. అనగా తెలుగున వర్ణించినంత మాత్రమున ఒక చేప పేరు చెల్లకపోదు. రేపే తెలుగున వ్రాయుడని నేను చెప్పుట లేదు. ఎల్లవారును చదువగల భాషలో వ్రాయుటయే వివేకము. మీరు ఆంగ్లమును శ్రద్ధతో నేర్వవలెను. అయినను “తెలుగున చదివినవానికి శాస్త్రమున చోటు లేదు” అని ఎవ్వరైన మీతో ననినచో, చోటు లేదనుట నియమము కాదని, మన యధైర్యమని తెలిసికొనుడు.

చోటు గలదనుటకు వేఱొక సాక్ష్యము చూపెదను. పదునెనిమిదవ శతాబ్దపు చివఱ ప్యాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు విశాఖపట్టణమున నుండెను. ఆయన అచ్చటి చేపలను తెప్పించి బొమ్మలు వ్రాయించెను. 1803లో లండను నగరమున రెండు సంపుటములలో ఇన్నూఱు చేపల బొమ్మలును వర్ణనలును వెలువడినవి. పెక్కింటికి ఆయన శాస్త్రనామములు పెట్టలేదు. పట్టినవారు ఏమనిరో ఆ తెలుగు పేరునే తన చెవికి వినబడినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. అట్లు మన వాలుగ ఆయన గ్రంథమున చేరెను. 1851లో బ్లీకరు అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసికొని వల్లాగో అని ఒక ప్రజాతికి పేరిడెను. నేటికిని లోకమంతట ఆ చేప వల్లాగో అట్టు అనియే పిలువబడుచున్నది. రెండవ మాట యగు అట్టు ఎచ్చటిది? తమిళమున ఏటిని ఆఱు అందురు. ఏటి వాలుగను వాడుకలో ఆత్తువాళై యందురు. ఆ ఆత్తుయే అట్టు. ఏఱు, ఆఱు, వాలుగ, వాళై. విన్నంతనే చుట్టఱికము తెలియుచున్నది కదా! మొదటి మాట తెలుగు, రెండవ మాట తమిళము. ఇంట తెలుగును, వీథిలో తమిళమును, సంతలో కన్నడమును మాటలాడు మన సీమవారికి ఇంతకంటె చక్కని శాస్త్రనామము దొరకునా?

ఇంచుమించు ఆ కాలముననే ఫ్రాన్సిస్ బుకానన్ అను మఱియొక వైద్యుడు మన దక్షిణదేశమున సంచరించెను. మలబారులోని అంగడిప్పురమున జనులు కత్తితో కోసి ఇటుకలుగా వాడుకొను రాతిని చూచి, 1807లో వెలువడిన తన గ్రంథమున దానికి లేటరైట్ అని పేరిడెను. ఇటుకకు లాటిన్ మాటనుండి వచ్చిన పేరది. ఆ రాతిలోపలనే మన కన్నులు లేని చేప యున్నదని ఆయన యెఱుగడు. ఆయనయే 1822లో గంగానది చేపలపై ఉద్గ్రంథము వెలువరించి, వంగదేశపు జాలరుల మాటలను శాస్త్రనామములుగా చేసెను. రోహిత, కట్ల, టెంగర అను పేర్లు అట్లు శాస్త్రమున స్థిరపడినవే. కట్ల యనగా మన బొచ్చె. టెంగర యనగా మన జెల్లలకు దగ్గఱి చుట్టము. జాలరిమాట శాస్త్రమునకు తగదని ఆ పెద్దలు తలపలేదు. దానిని తగదని తలచి ఎఱ్ఱగీత గీసినవాడను నేను.

ఇంక కొందఱి యాక్షేపము వేఱు. “వ్రేలెడంత లేని గ్రుడ్డిచేపకు పేరు పెట్టిననేమి, పెట్టకున్న నేమి? తినుటకు పనికిరాదు, అమ్ముటకు పనికిరాదు” అని. దీనికి నా సమాధానములు రెండు.

మొదటిది: ఆ చేప బ్రదుకు నీరే అచ్చటి జనులు త్రాగు నీరు. భూమిలోని నీరు చెడినను, యంత్రములతో అడుగంట తోడివేసినను, ముందుగా నశించునది ఆ చేప. తరువాత కష్టపడువారము మనము. మనకు కనబడని చోట నీరెట్లున్నదో చెప్పగల సాక్షులు కొన్నియే గలవు. వానిలో నిది యొకటి.

రెండవది: పేరు లేని దానిని ఏ చట్టమును కాపాడజాలదు. అపాయమున నున్న ప్రాణుల పట్టికలో చేర్చుటకు ముందు దానికొక పేరుండవలెను. వల్లాగో అట్టుకు పేరుండుటచేతనే, అది మన నదులలో తఱిగిపోవుచున్నదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము గమనించి, తన పట్టికలో అపాయమునకు లోనగు జాతులలో చేర్చగలిగినది. మన తాతలనాడు బుట్టలకొలది దొరకిన వాలుగ నేడు అట్టి పట్టిక కెక్కినది. పేరు లేక ముందే నశించిన చేపలకు పట్టికయు లేదు, లెక్కయు లేదు. అవి యుండెనని కూడ ఎవ్వరును చెప్పజాలరు.

పేరు నశించుటకు రెండు దారులు గలవు. చేప నశించినచో పేరు నశించును. చేప యుండగనే పేరు మఱచిపోవుట రెండవ దారి. మనబోటివారికి ఈ రెండవదియే దగ్గఱలో నున్నది. మన సీమలో పిల్లలు ఇంట ఒక పేరు విందురు, సంతలో వేఱొకటి విందురు. జెల్లను తమిళులు కెళుత్తి యందురు, కన్నడిగులు గిర్లు అందురు. మూడు పేర్లును నేర్చినవాడు మిగుల భాగ్యవంతుడు. కాని మేము బడిలో చేయుచున్న దేమి? మూడింటిని కొట్టివేసి చేప యను నొక్క మాటను నిలుపుచున్నాము. చెట్లన్నిటికిని చెట్టనియు, పక్షులన్నిటికిని పిట్టయనియు, చేపలన్నిటికిని చేపయనియు వ్రాసిన చాలునని మేమే నేర్పుచున్నాము. తరువాత మేమే “తెలుగున మాటలు చాలవు” అని విచారించుచున్నాము. మాటలు చాలకపోలేదు. వానిని మోసికొని వచ్చిన పిల్లలను మేము వాకిటనే ఆపివేసితిమి.

పోపులి కథ చదివిన మఱునాడు ఆ బాలికను పిలిచి పుస్తకము తెమ్మంటిని. నా గీతను నేనే కొట్టివేసి, “రెండు రకముల జెల్లలంటివి గదా, వానికి భేదమేమి?” అని యడిగితిని. ఆమె మొదట జంకెను, తరువాత చెప్పెను. “ఒకదానికి పక్కన పొడుగ్గా చారలుంటాయి అయ్యా. ఇంకోదానికి చారలుండవు, వీపు ముల్లు మొదట్లో నల్లచుక్క ఉంటుంది. చారల్లేనిది కొంచెం పెద్దదవుతుంది. రెండిటి ముల్లూ గుచ్చుకుంటుంది, తల దగ్గర పట్టుకోవాలి” అనెను. “ఎవరు చెప్పిరి?” అంటిని. “ఎవరూ చెప్పలేదయ్యా, కూరకు కడిగేటప్పుడు చూస్తాను గదా” అనెను.

అతివ్యాప్తి లేదు, అవ్యాప్తి లేదు, అసంభవము లేదు. నలుబదియేండ్లు దాటిన నేను, ఆ రెండు చేపలను పలుమాఱు తినియు, ఆ చుక్కను చూడలేదు.

కావున నా మనవి యిది. ఉపాధ్యాయులు వ్యాసములు దిద్దునపుడు వాచకపు హంసకంటె వాకిటి కొంగకు ఎక్కువ మార్కులు వేయుదురు గాక. తల్లిదండ్రులు తమకు తెలిసిన చేపల పేర్లను, చెట్ల పేర్లను మోటుమాటలని దాచక పిల్లలకు చెప్పుదురు గాక. చేపలు పట్టు ఇంటి పిల్లలు బడిలో తమ యింటి పనిని చెప్పుకొనుటకు సిగ్గుపడకుందురు గాక.

విద్యార్థులారా! మీరు చేయదగిన పని యొకటి గలదు. రాబోవు సంచికలో “మన చెఱువుల చేపలు” అను శీర్షికతో కొన్ని పుటలు ఉంచుటకు ప్రధానోపాధ్యాయులు అంగీకరించిరి. మీ యింటి పెద్దలను, చెఱువుపై వలవేయువారిని, సంతలో అమ్మువారిని అడిగి, ఒక్కొక్క చేపకు వారు చెప్పు పేరును తెలుగు, తమిళ, కన్నడములలో వ్రాసికొనుడు. చెప్పినవారి యూరును, తేదిని వ్రాయుడు. మీసములెన్ని, చారలు గలవా, చుక్క యెచ్చట, ముల్లు యెచ్చట అని మీ కంటితో చూచి వ్రాయుడు. చూడనిదానిని వ్రాయకుడు. తెలియనిచోట “తెలియదు” అని వ్రాయుడు; శాస్త్రమున అది గౌరవమైన మాట. పరీక్షకొఱకని చేపలను చంపకుడు. సంతలో నున్నదానిని చూచిన చాలును. బావిలో కనబడినదానికి బొమ్మ తీసి మరల నీటిలో విడువుడు.

అందులో క్రొత్త జాతి యుండునని నేను ఆశ పెట్టను. ఉండకపోవచ్చును. కాని కొట్టాయము బావివారును తమ చేపకు లోకమున పేరు లేదని యెఱుగరు. చూచినది చూచినట్లు చెప్పిరి, అంతే. మీరును అంతమాత్రము చేయుడు. జెల్లలపై మొదటి పుట వ్రాయుటకు ఆ బాలిక ఒప్పుకొన్నది. తక్కిన పుటలు మీవి.